ముందు ఏం చదివారో చెప్పండి

మా అక్క డాక్టరు. తెల్లకోటు వేసుకుని, పదిమందిని వెంటేసుకుని పెద్ద ఆస్పత్రిలో తిరిగే డాక్టరు కాదు. మా వీధి మలుపులో మేడ మీద రెండు గదుల క్లినిక్కు ఆవిడది. మేడ కింద కళ్లజోళ్ల దుకాణం నాది. పైకి వెళ్లే మెట్లు నా దుకాణాన్ని ఆనుకునే ఉంటాయి కాబట్టి దగ్గేవాళ్లు, కుంటేవాళ్లు, ఏడ్చే పిల్లలు అందరూ నా అద్దాల ముందు నుంచే వెళ్లాలి. ఎవరికి ఏ జబ్బో అక్క నాకు చచ్చినా చెప్పదు. నా నోట్లో నువ్వుగింజ నానదని ఆవిడ నమ్మకం. నమ్మకం నిజమే గాని, దాని వల్ల ఒరిగిందేమీ లేదు. పైన అక్కకు చెప్పుకున్నదంతా కిందికి దిగేటప్పుడు రోగులే నా బల్ల దగ్గర ఆగి మళ్లీ మొదటినుంచీ చెబుతారు. ఇక్కడ రాసిందంతా అలా విన్నదీ, కళ్లారా చూసిందీ. ఇందులో ఉన్నవాళ్లందరూ రాసుకోమన్నారు కూడా.

ఫోన్లు అందరి చేతుల్లోకీ వచ్చాక మా మేడకు పైనా కిందా గిరాకీ పెరిగింది. చిన్న అక్షరాలు చదవలేక కళ్లు చికిలించేవాళ్లు నా దగ్గరికీ, ఆ అక్షరాలు చదివి గుండె జారిపోయినవాళ్లు అక్క దగ్గరికీ వచ్చేవాళ్లు. నాకు అది పండగే. అక్కకు మాత్రం తలప్రాణం తోకకొచ్చేది. తలనొప్పి అని వచ్చిన మనిషి ఆవిడ నాడి పట్టుకునేలోగానే మెదడులో గడ్డ ఉందంటూ ఫోను ముందుకు తోసేవాడు. ఆవిడ మందు రాస్తుంటే పక్కనే కూర్చుని ఆ మందుపేరు ఫోనులో కొట్టి, దాని వల్ల వచ్చే అనర్థాలన్నీ గట్టిగా చదివేవాడు. మా అక్కకు అసలే ముక్కు మీద కోపం. ఒకరోజు పెయింటరును పిలిపించి గోడ మీదకు పెద్ద బోర్డు రాయించింది. ఇంటర్నెట్‌లో చదివి వచ్చేవాళ్లు అక్కడే వైద్యం చేయించుకోవలెను అని. బోర్డు బాగుందని మెచ్చుకున్నవాళ్లలో నేనే మొదటివాణ్ని.

ఆ బోర్డు చేసిన నిర్వాకం ఒక స్కూలు బస్సు డ్రైవరు వల్ల బయటపడింది. మంచి మనిషి, మితభాషి. రక్తపోటు ఎక్కువని అక్క మాత్రలు రాసిచ్చింది. ఎన్నిసార్లు చూసినా రక్తపోటు ఒక్క మెట్టు కూడా దిగడం లేదు. అక్క మోతాదు పెంచింది, తర్వాత రెండో మాత్ర జోడించింది, ఆ తర్వాత లేనిపోని పరీక్షలు చేయించింది. అన్నిటికీ ఆయన తల ఊపేవాడు. చివరికి ఒకరోజు ఆయన భార్య తోడుగా వచ్చి, మాటల్లో మాటగా అసలు సంగతి జారవిడిచింది. ఆయన మొదటి మాత్ర కూడా మింగలేదట. రక్తపోటు మాత్రలు మూత్రపిండాలను తినేస్తాయని ఎవరో వీడియోలో చెబితే భయపడి, మాత్రలన్నీ బీరువాలో పెట్టాడట. మరి ఆ సంగతి నాతో ఎందుకు చెప్పలేదని అక్క అడిగింది. ఆయన గోడ మీది బోర్డు వైపు చూశాడట.

అక్క ఆ సాయంత్రం కుర్చీ ఎక్కి ఆ బోర్డు తనే పీకేసింది. మేకు రాకపోతే నన్ను పిలిచింది. ఊడిన సున్నం నా నెత్తిన పడుతుంటే, బస్సులో అంతమంది పిల్లల్ని పెట్టుకుని ఆ మనిషి అంత రక్తపోటుతో రోడ్డు మీద తిరిగాడురా, దానికి కారణం నా బోర్డు అంది. కోపంగా కాదు, భయపడుతూ అంది. చిన్నప్పటి నుంచీ అక్క భయపడటం నేను చూడలేదు. అందుకే ఆ మాట నాకు గుర్తుండిపోయింది.

మర్నాటి నుంచి ఆవిడ పద్ధతి మారిపోయింది. ఎవరొచ్చి కూర్చున్నా ఏమైందని కాకుండా, ముందు ఏం చదివారో చెప్పండి అని అడిగేది. ఫోను బల్ల మీద పెట్టించి, కుర్చీ పక్కకు జరుపుకుని, వాళ్లతో కలిసి చదివేది. ఇది నిజం, ఇది ఒకప్పుడు నిజం, ఇది మీ వయసు వాళ్లకు కాదు, ఇది నూనె అమ్ముకునేవాడి మాట, ఇది నాకూ తెలియదు, రాత్రికి చదివి రేపు చెబుతాను. డాక్టరు నోట నాకు తెలియదు అనే మాట విని కొందరు బిత్తరపోయేవాళ్లు. ఆవిడ చదువు మీద అనుమానం వచ్చి వేరే డాక్టరు దగ్గరికి పోయినవాళ్లూ ఉన్నారు. పోయినవాళ్లలో సగం మంది మళ్లీ వచ్చారు, అది వేరే సంగతి.

జనం ఏం చూస్తున్నారో తెలుసుకోవాలని అక్క ఇంటిదగ్గర ఆ వీడియోలన్నీ తనూ చూడటం మొదలుపెట్టింది. దాంతో ఆవిడ ఫోనుకు మతి పోయింది. ఆ ఫోను లెక్కలో మా అక్కకు బట్టతల, మోకాళ్ల నొప్పులు, మొలలు, మగతనం లోపం అన్నీ ఉన్నాయి, పైగా ఆవిడ గర్భవతి. ఫోను తెరిస్తే చాలు, వీటన్నిటికీ కలిపి ఒకే చూర్ణం ప్రకటన వచ్చేది. మా బావ అది చూసి, ఇన్ని ఉన్న మనిషితో ఇన్నాళ్లు ఎలా కాపురం చేశానా అని ఆశ్చర్యపోయేవాడు. అక్క పట్టించుకునేది కాదు. శత్రువు మాట్లాడే భాష తెలియకుండా ఎలా అనేది మొదట్లో. తర్వాత తర్వాత శత్రువు అనడం మానేసింది. దానికి కారణం ఒక తల్లి. బళ్లో టీచరు. తన పిల్లవాడు ఊరికే నీళ్లు తాగుతున్నాడని, మానుకున్న పక్కతడుపు మళ్లీ మొదలైందని, చిక్కిపోతున్నాడని ఫోనులో వెతికి, ఇది చక్కెర జబ్బు కావచ్చని భయపడుతూ వచ్చింది. వేరేచోట నవ్వి పంపేశారట. అక్క పిల్లవాడి వేలికి సూది గుచ్చి చూసింది. ఆ తల్లి చదివినదే నిజం. ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే బిడ్డ దక్కేవాడు కాదని అక్క ఇప్పటికీ చెబుతుంది.

ఈ పద్ధతి పేరు ఊరంతా పాకడంతో కొన్ని వింతలు కూడా జరిగాయి. ఏదో ఒకటి చదివి వెళ్లకపోతే ఆ డాక్టరమ్మ చూడదట అని ఎవరో పుట్టించారు. జనం పరీక్షకు చదివినట్టు చదివి రావడం మొదలైంది. ఒక వడ్రంగి పెద్దాయనకు అక్షరం ముక్క రాదు. దగ్గు తగ్గడం లేదని వస్తూ, మనవరాలి చేత ఫోనులో వెతికించి, ఆ ఫోను జేబురుమాలులో చుట్టుకుని తెచ్చాడు. అందులో ఉన్నది పక్షులు పెంచేవాళ్లకు వచ్చే ఊపిరితిత్తుల జబ్బు. పెద్దాయన అక్క ముందు చేతులు కట్టుకుని నిలబడి, మా ఇంట్లో చిలక కూడా లేదు తల్లీ, మరి ఈ జబ్బు నాకెలా వచ్చిందంటావు అని అడిగాడు. అక్క పగలబడి నవ్వింది. నవ్వుతూనే ఆ పేజీ కిందివరకూ చదివింది. పక్షుల ఈకలే కాదు, రంపపు పొట్టు కూడా అలాంటి పని చేస్తుందని అందులోనే ఉంది. ఆయన ఇప్పుడు మూతికి గుడ్డ కట్టుకుని పని చేస్తున్నాడు, దగ్గు లేదు. చిలకను మాత్రం కొన్నాడు.

అక్కతో కలిసి చదువుకున్న డాక్టర్లు ఆవిడను వేళాకోళం చేసేవాళ్లు. రోగుల చేత పాఠాలు చెప్పించుకుంటోందని ఒకాయన, కొరివితో తల గోక్కుంటోందని ఇంకొకాయన. అక్క వాళ్లతో వాదించేది కాదు. నాకు మాత్రం ఒళ్లు మండేది. మా అక్క మీద నేను ఎన్ని విసుర్లైనా విసరవచ్చు, బయటివాళ్లు విసిరితే ఊరుకోను.

ఇప్పుడు మా పిన్ని సంగతి చెప్పాలి. మా అమ్మ చెల్లెలు. అమ్మ పోయాక మా ఇద్దరికీ తల దువ్వి బడికి పంపింది ఆవిడే. ఒక అచ్చు ఆఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం చేసి, తల నెరిశాక ఇంటిపట్టున ఉంది. ఉద్యోగం పోయినా చెయ్యి ఊరుకోదు. పొద్దున్నే పేపరు రాగానే పెన్సిలు పట్టుకుని అందులో అనవసరమైన వాక్యాలన్నీ కొట్టేస్తుంది. ఆ తర్వాతే మా బాబాయి దాన్ని చదవాలి. మిగిలేది తక్కువ కాబట్టి ఆయనకు త్వరగా అయిపోతుంది. రాతలో అంత పొదుపరి అయిన ఈ మనిషి నోరు విప్పితే మాత్రం ఆనకట్ట తెగినట్టే. కూరగాయలకు వెళ్లొచ్చిన సంగతి చెప్పమంటే చెప్పు తెగడం, కుట్టేవాడి కూతురి చదువు, ఆ అమ్మాయి జడ, తన చిన్ననాటి జడ అన్నీ అయ్యాక గాని కూరగాయలు రావు.

ఒక ఉదయం పిన్ని క్లినిక్కుకు వచ్చింది. మెట్లెక్కబోయే ముందు నా దుకాణంలో కాసేపు కూర్చుంది. గుండెల్లో మంటగా ఉంటోందట. ఫోనులో చదివానని, అంతా తేటగా ఉందని చెప్పి పైకి వెళ్లింది. అక్క ఎప్పటిలాగే ముందు ఏం చదివావు పిన్నీ అని అడిగింది. పిన్ని ఫోను బల్ల మీద పెట్టింది. అది ఎవడో చూర్ణాలవాడి పేజీ కాదు, పేరున్న ఆస్పత్రివాళ్లు రాసిన పేజీ. కడుపులో పులుపు పైకి తన్నడం గురించి అందులో ఉన్నదంతా సరైనదే. అక్క ఒక్కొక్కటీ చదువుతూ అడిగింది. తిన్నాక మంట? అవును. పుల్లటి తేన్పు? అవును. పడుకుంటే ఎక్కువ? అవును. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. అక్క మాత్రలు రాసిచ్చింది. పిన్ని సంతోషంగా దిగి వెళ్లిపోయింది. తొందరలో నాకు కబుర్లు కూడా చెప్పలేదు.

మధ్యాహ్నం అక్క కిందికి వచ్చి నా దుకాణం వెనక గదిలో నాతో కలిసి భోంచేయడం అలవాటు. ఆ రోజు రెండు ముద్దలు తిన్నదో లేదో, చెయ్యి ఆగిపోయింది. ఏమిటే అన్నాను.

"పిన్ని నాకు కబుర్లు చెప్పలేదురా," అంది.

తొందరలో ఉందేమోలే అన్నాను. అక్క తల అడ్డంగా ఊపింది. పిన్ని తన జన్మలో ఎప్పుడైనా ఏ సంగతైనా తిన్నగా మొదలుపెట్టి తిన్నగా ముగించిందా అని నన్నే అడిగింది. నొప్పిని ఎవరూ అంత వరసగా చెప్పరట. బాధపడేవాళ్లు అటూ ఇటూ పోతారు, మాట మార్చుకుంటారు, అక్కర్లేనిది చెబుతారు. పొద్దున పిన్ని చెప్పింది తన నొప్పి కాదు, ఆ పేజీనే మళ్లీ అప్పచెప్పింది, నేను వింటూ కూర్చున్నాను అంది. డబ్బా మూత కూడా పెట్టకుండా లేచింది. ఎంగిలి చెయ్యి కడిగిందో లేదో నాకు తెలియదు. నేను దుకాణం గొళ్లెం వేసి స్కూటరు తీశాను. దారంతా అక్క వెనక నుంచి నా భుజం నొప్పి పుట్టేలా పట్టుకుంది.

పిన్ని వరండాలో ఉతికిన బట్టలు మడతపెడుతోంది. మమ్మల్ని చూసి, అన్నం వేళకు వచ్చారు, కూర సరిపోతుందో లేదో అని కంగారుపడింది. అక్క ఆవిడ పక్కన పడున్న ఫోను తీసి నా చేతికిచ్చి, చేతుల్లోని బట్టలు కూడా పక్కన పెట్టించి, ఎదురుగా కింద కూర్చుంది.

"పిన్నీ, పొద్దున నాకు చెప్పినదాంట్లో ఏమేం కొట్టేశావు?"

పిన్నికి కాసేపు అర్థం కాలేదు. తర్వాత సిగ్గుపడింది. "అక్కర్లేనివే కొట్టేశానే. నీకు బయట అంతమంది కూర్చుని ఉన్నారు కదా."

"అవే చెప్పు. అక్కర్లేనివే చెప్పు."

పిన్ని చెప్పింది. బట్టలు ఆరేయడానికి మేడ మెట్లెక్కుతుంటే కింది దవడ పీకుతుందట. పన్ను పుచ్చిందేమోనని లవంగం పెట్టుకుందట. మెట్టు మీద కాసేపు కూర్చుంటే పోతుంది కాబట్టి పన్ను కాదేమో అనుకుందట. ఆ మంట కూడా అప్పుడే వస్తుంది. తిన్నాక ఒక్కసారే వచ్చింది, కాని పేజీలో తిన్నాక అని ఉంది కదా అని అదే చెప్పిందట. నుదురంతా చల్లటి చెమట పడుతుంది, అది ఎండకని అనుకుంది. దవడ సంగతి ఆ పేజీలో ఎక్కడా లేదు. లేనిదాన్ని ఎందుకు ఇరికించాలని తీసేసింది. ముప్పై ఏళ్ల పాటు ఇతరుల రాతల్లో చేసిన పని, తన నొప్పికీ చేసింది. మధ్యలో పక్కింటివాళ్ల నీళ్ల ట్యాంకు గురించి, తెగిన దండెం గురించి కూడా చాలా చెప్పింది. అక్క ఒక్కచోట కూడా అడ్డు తగల్లేదు.

పిన్ని ముగించేసరికి అక్క ముఖంలో నెత్తురు లేదు. సంచిలోంచి ఒక మాత్ర తీసి నమిలించింది. ఇది కడుపు కాదు పిన్నీ, గుండె కావచ్చు, ఇప్పుడే పెద్దాస్పత్రికి వెళ్దాం అంది. బాబాయి చొక్కా తిరగేసి వేసుకున్నాడు. ఎవరూ సరిచేయలేదు.

అక్క అనుమానమే నిజమైంది. గుండెకు వెళ్లే పెద్ద రక్తనాళం ఒకటి దాదాపు మూసుకుపోయిందని పరీక్షలో తేలింది. మర్నాడు పొద్దున్నే అందులో స్టెంటు అనే సన్నటి గొట్టం పెట్టాలన్నారు. లేకపోతే ఎప్పుడైనా పూర్తిగా మూసుకుపోవచ్చన్నారు. అక్క సంతకాల కాగితాలు తేవడానికి వెళ్లొచ్చేలోగా పిన్ని మంచం మీద ఫోను తెరిచింది. అక్క తిరిగి వచ్చేసరికి పిన్ని నిర్ణయం చెప్పేసింది. తనకు స్టెంటు వద్దు. ఇంటికి తీసుకుపొమ్మంది.

వీడియోలో ఒక పెద్దమనిషి స్టెంటులన్నీ ఆస్పత్రుల వ్యాపారమన్నాడట. ఇంకొకాయన కషాయంతో అడ్డంకులు కరిగించుకున్నవాళ్లను వరసగా కూర్చోబెట్టి చూపించాడట. గుండె డాక్టరు కుర్రవాడు, పనిమంతుడని పేరు. అతను గుమ్మంలోనే నిలబడి, మేడమ్, ముందు ఆవిడ చేతిలో ఆ ఫోను లాగేసుకోండి అన్నాడు. జీవితంలో మొదటిసారి ఒక డాక్టరు మాట నాకు నచ్చింది. ఆ ఫోను కిటికీలోంచి విసిరేద్దామని చెయ్యి చాపాను కూడా. అక్క నా చెయ్యి పక్కకు నెట్టి మంచం మీద పిన్ని పక్కన కూర్చుంది.

"నువ్వే చెప్పవే అమ్మాయ్," అంది పిన్ని. "పొద్దున కడుపులో మంటన్నావు. ఇప్పుడు గుండె కోయాలంటున్నారు. ఇందులో ఏది నమ్మమంటావు?"

కోయడం కాదని చెబుతుందేమో అనుకున్నాను. అక్క ఆ మాట చెప్పలేదు. కాసేపు పిన్ని చేతి మీది సూదికి అంటించిన పట్టీని సరిచేస్తూ కూర్చుంది.

"పొద్దున నేను తప్పు చేశాను పిన్నీ. నీ మాట వినకుండా నీ ఫోను మాట విన్నాను. బయటివాళ్లెవరైనా నీ వయసులో గుండెల్లో మంట అంటే ఈసీజీ తీయకుండా పంపను. మిషను పక్క గదిలోనే ఉంది. తీయలేదు. ఆ పూట నీకేమైనా అయ్యుంటే అది నా చేతుల మీదుగా అయ్యేది. కాబట్టి నన్ను నమ్మమని అడగను. నువ్వేం చదివావో చూపించు, ఇద్దరం చూద్దాం."

గుమ్మంలో గుండె డాక్టరు ఉన్నాడు, నర్సు ఉంది, బాబాయి ఉన్నాడు. ఒప్పించాల్సిన సమయంలో, అందరి ఎదుటా తన పరువు తనే తీసుకుంటుందా అని మండిపడ్డాను. ఆ మాటతో పిన్ని చెయ్యిజారిపోతుందని నా భయం. అమ్మ పోయిన రోజు నాకు బాగా గుర్తులేదు. గుర్తున్న తల్లి ఈవిడే. ఈవిడ కూడా పోతుందేమోనన్న భయంతో నేను గోడకు ఆనుకుని నిలబడిపోయాను.

అక్క ఆ వీడియోలు మొదటినుంచీ చూసింది. స్టెంటు అక్కర్లేనివాళ్లకు కూడా పెట్టేచోట్లు ఉన్నాయని, ఆ పెద్దమనిషి అన్నదాంట్లో కొంత నిజముందని ఒప్పుకుంది. గుండె డాక్టరు మొహం మాడ్చుకున్నాడు. అయితే ఆస్పత్రికి వచ్చాక పిన్నికి కదలకుండా కూర్చున్నప్పుడు కూడా నొప్పి మొదలైంది, ఆ రక్తనాళం ఉన్నచోటు అలాంటిలాంటిది కాదు, ఆ వీడియో పిన్ని లాంటివాళ్ల గురించి కాదు అని పరీక్షలో తీసిన బొమ్మ చూపించి చెప్పింది. కషాయం తాగినవాళ్లలో బతికున్నవాళ్లనే వీడియోలో కూర్చోబెడతారు పిన్నీ, మిగతావాళ్లు ఎలా వస్తారు అని అడిగింది. తర్వాత గుండె డాక్టరును పిలిచి, మీరే వచ్చి చెప్పండి అంది. అతను గడియారం చూసుకున్నాడు. అక్క వంక చూశాడు. ఏమనుకున్నాడో, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఎక్కడినుంచి తీగ పంపుతారో, ఎంతమందికి చెడ్డది జరుగుతుందో, తర్వాత ఎన్నాళ్లు మాత్రలు మింగాలో పిన్ని అడిగింది. అతను ఒక్కటీ దాచకుండా చెప్పాడు. చెడ్డది జరగడం అరుదేగాని అసలు జరగదని చెప్పలేను అన్నాడు.

పిన్ని చాలాసేపు మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండటం ఆవిడకు చేతకాని పని కాబట్టి మాకందరికీ భయం వేసింది. చివరికి ఫోను మూసి బాబాయికి అందించింది.

"ఇందాకట్నుంచి ఇందులో ఎంతమంది మాట్లాడారో," అంది. "అందరూ పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నవాళ్లే. నిన్న చెప్పింది తప్పు, దిద్దుకుంటున్నాను అని ఒక్కడంటే ఒక్కడు అనలేదు. మా ఆఫీసులో కూడా అంతే. తప్పుల్లేవు చూసుకోండి అన్నవాడి పేజీ నేను రెండుసార్లు చదివేదాన్ని. ఇక్కడ పొరపాటు పడ్డానమ్మా అన్నవాడి పేజీ నిశ్చింతగా అచ్చుకు పంపేదాన్ని." పిన్ని అక్క గడ్డం పట్టుకుంది. "ఆ సంతకం ఎక్కడ పెట్టాలో చూపించు."

అక్క చూపించలేకపోయింది. తలుపు దాటి వరండాలోకి వెళ్లి, గోడవైపు తిరిగి ఏడ్చింది. సంతకం గుండె డాక్టరే పెట్టించుకున్నాడు. నేను అక్క దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. చిన్నప్పటి నుంచీ ఆవిడను ఆటపట్టించడమే గాని మెచ్చుకోవడం నాకు రాదు. ఆ రోజు మాత్రం చెప్పేశాను. నా అంత పొగరు ఉన్నదానివి, ఆ మాట అందరి ముందూ ఎలా అనగలిగావే, నేనైతే అనలేను అన్నాను. అక్క ముక్కు చీదుకుని, అనకపోతే పిన్ని చచ్చిపోతుంది కదరా అంది.

మర్నాడు పిన్నిని లోపలికి తీసుకెళ్లారు. అక్కకు లోపలికి వెళ్లే వీలుంది, డాక్టరు కాబట్టి. వెళ్లలేదు. నాతో, బాబాయితో పాటు బయట బెంచీ మీదే కూర్చుంది. లోపల నేను పిన్ని కూతుర్ని అవుతాను, డాక్టర్ని కాను, అక్కడ అడ్డం అంది. పని అయిపోయిందని, బాగా జరిగిందని గుండె డాక్టరు బయటికి వచ్చి చెప్పేదాకా అక్క బాబాయి చేతిని వదల్లేదు. చెప్పడానికి ఆ కుర్రవాడు కూడా బెంచీ మీదే వచ్చి కూర్చున్నాడు, నిలబడి చెప్పి వెళ్లిపోలేదు.

పిన్నిని గదిలోకి తెచ్చాక చూడనిచ్చారు. మణికట్టుకు పెద్ద కట్టు ఉంది. ముఖం వాడిపోయింది గాని కళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి. దవడ నొప్పి ఉందా అని అక్క అడిగింది. లేదంది. మంట ఉందా అని అడిగింది. లేదంది. కాసేపు పైకప్పు వైపు చూసి గొంతు తగ్గించింది.

"ఇంకోటి ఉందే. దీనికీ దానికీ సంబంధం లేదేమో, అయినా చెబుతాను."

అక్క చెప్పు పిన్నీ అని స్టూలు దగ్గరికి లాక్కుంది. పిన్ని మొదలుపెట్టింది. లోపల ఎంత చలిగా ఉందో, తలకు టోపీ పెట్టిన నర్సు పెళ్లి ఎందుకు ఆలస్యమైందో, ఆ అమ్మాయి పెద్దక్కకు ఎంతమంది పిల్లలో, తన ఎడమకాలి మడమ ఎప్పటినుంచి తిమ్మిరెక్కుతోందో, అన్నీ చెబుతూ పోయింది. నర్సు వచ్చి సమయమైపోయిందంది. గుండె డాక్టరు ఆమెను ఆపి, చెప్పనివ్వండి అన్నాడు. అక్క పిన్ని మడమ చేతిలోకి తీసుకుని, వింటూ కూర్చుంది.